తెల్లబడిన ఆకు ఎవరి పని? హిస్పా పెంకు పురుగునీ ఆకుముడత రెక్కల పురుగునీ పోల్చి చూడటం ఎలా

ఊడ్పులు అయ్యి మూడు నాలుగు వారాలు దాటితే చాలు, ఫోన్‌కి ఫొటోలు రావడం మొదలవుతుంది. అన్నిట్లోనూ వరి ఆకు మీద తెల్లటి చారలు, కింద ఒక ప్రశ్న: "ఇదేం పురుగండీ, ఏం కొట్టమంటారు?" ఫొటోలో ఆకు ఉంటుంది, పురుగు ఉండదు. ఆ తెల్లదనం పెంకు పురుగు గీకినా వస్తుంది, రెక్కల పురుగు పిల్ల గీకినా వస్తుంది. పైగా రెండింటికీ మకాం ఒకటే, మన గట్టు మీది గడ్డి. ఫొటో చూసి ఊహించి మందు పేరు చెప్పడం నాకిష్టం లేదు. అందుకని ఈ రెండింటినీ ఎలా పట్టుకోవాలో, పక్కపక్కన పెట్టి ఎలా చూడాలో ఒకేసారి రాసేస్తున్నా. రైతులకీ పనికొస్తుంది, స్కూల్ ప్రాజెక్టు కోసం "రెండు గడ్డి కీటకాలను పోల్చండి" అని రాసిచ్చిన పిల్లల తల్లిదండ్రులకీ పనికొస్తుంది.

ముందు పేర్లు. పెంకు పురుగు అంటే ఇక్కడ హిస్పా, తాటాకు తెగులు అని కూడా అంటారు. పుస్తకాల్లో పేరు డైక్లాడిస్పా ఆర్మిజెరా. రెక్కల పురుగు అంటే ఆకుముడత తల్లి పురుగు, పుస్తకం పేరు క్నాఫలోక్రోసిస్ మెడినాలిస్. రెండూ గడ్డి జాతి మొక్కల మీద బతికేవే. వరి కూడా గడ్డి జాతే కాబట్టి చేలో పంట లేని రోజుల్లో గట్ల మీద, బోదెల పక్కన, డ్రైను వారన పెరిగే ఊద లాంటి గడ్లు వీటికి ఆసరా. సార్వా (ఖరీఫ్) కోసి దాళ్వా (రబీ) ఊడ్చే లోపు ఇవెక్కడికి పోతాయని అడిగేవాళ్లకి జవాబు అదే.

థియరీ ఒక్క ముక్కే చెప్తా. హిస్పాలో పెద్ద పురుగూ ఆకు తింటుంది, పిల్లా తింటుంది. ఆకుముడతలో పిల్ల ఒక్కటే తింటుంది. రెక్కలొచ్చిన తల్లికి ఆకు కొరికే నోరే ఉండదు, చుట్టుకుని ఉండే సన్నటి గొట్టంతో ద్రవాలు పీల్చుకుంటుంది, అంతే. కాబట్టి చేలో పెంకు పురుగు కనిపిస్తే నష్టం ఇప్పుడు జరుగుతోందని, రెక్కల పురుగు లేస్తే కొన్ని రోజుల్లో జరగొచ్చని లెక్క. మందు కొట్టాలా వద్దా, కొడితే ఎప్పుడు అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. తల్లి పురుగులు లేచిన సాయంత్రమే ట్యాంకు భుజానికెత్తుకునే వాళ్లని చూస్తే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

కావలసినవి

- చేతి వల. మందపాటి జి.ఐ. వైరుని అడుగు వెడల్పు రింగులా వంచి, పాత దోమతెర గుడ్డని సంచిలా కుట్టి, మూడడుగుల కర్రకి కట్టుకోండి. సంచి లోతు రింగు వెడల్పుకి రెట్టింపు ఉండాలి, లేకపోతే పడ్డ పురుగు పడ్డట్టే బయటికొచ్చేస్తుంది.
- మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు నాలుగైదు. స్వీట్ షాపు డబ్బాలు చాలు.
- భూతద్దం. 10ఎక్స్ ది అయితే హాయి. లేకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఫొటో తీసి, ఆ ఫొటోని పెద్దది చేసుకుని చూడండి.
- మిల్లీమీటర్లున్న స్కేలు, తెల్ల కాగితం, సన్నటి సూది, మెత్తటి బొమ్మల బ్రష్.
- దూది, పాత పెరుగు డబ్బాలు, పలచటి గుడ్డ, రబ్బరు బ్యాండ్లు. ఇవి పెంచి చూడటానికి.
- నోట్‌బుక్కు. ఫోన్‌లో రాసుకుంటాం అంటారు కానీ బురద చేతులతో ఎవరూ రాయరు.
- మోకాలి దాకా బూట్లు, చేతిలో కర్ర.

ఆ చివరిది అలంకారానికి చెప్పలేదు. గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరిగే నేల ఇది. గడ్డిలోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. పిల్లల్ని ఒంటరిగా పంపకండి, కాలువ నిండుగా పారే రోజుల్లో కాలువ వైపు గట్టుకి అసలు వద్దు. మందు కొట్టిన చేలోకీ, గడ్డి మందు కొట్టిన గట్టు మీదకీ అప్పుడే పోకండి. పక్క చేను వాళ్లు ఏం కొట్టారో, ఎప్పుడు కొట్టారో అడిగి వెళ్తే మర్యాదగానూ ఉంటుంది, క్షేమంగానూ ఉంటుంది.

1. చోటు, వేళ చూసుకోండి

కాల్చని, చెక్కని, మందు పడని గట్టు ఎంచుకోండి. గడ్డి మోకాలి ఎత్తున్నా ఫర్వాలేదు. కొబ్బరి చెట్ల నీడ పడే చేను ఉంటే అది మొదట చూడండి, కోనసీమలో అలాంటి చేలకి కొదవేం లేదు. ఆకుముడతకి నీడ నచ్చుతుంది. యూరియా ఎక్కువ పడి నల్లగా నిగనిగలాడే చేనూ దానికి నచ్చుతుంది.

పెంకు పురుగు కోసం పొద్దున్నే, మంచు ఆరకముందు వెళ్లండి. చల్లటి వేళ పురుగులు మందకొడిగా ఉంటాయి, చేత్తోనే దొరుకుతాయి. రెక్కల పురుగు కోసం మాత్రం మంచు ఆరాక వెళ్లాలి. తడి గడ్డి మీద వల తిప్పితే వల తడిసి, రెక్కలు దానికి అంటుకుని, పైనున్న పొడి ఊడిపోతుంది. పొడి పోయిందంటే గీతలు పోయినట్టే, గీతలు పోతే అది ఆకుముడతో ఇంకోటో చెప్పడం కష్టం.

2. పురుగుని ముట్టుకోకముందు ఆకుని చదవండి

అందరూ దాటేసే అంచె ఇదే. అసలు విషయం సగం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి. తెల్లబడిన ఆకులు ఒక పది కోసి, ఒక్కోదాన్ని సూర్యుడి వైపు ఎత్తి వెలుతురులో చూడండి.

ఆకు చాపినట్టే ఉండి, పై వైపున ఈనెకి సమాంతరంగా సన్నటి తెల్ల గీతలు పక్కపక్కనే, స్కేలు పెట్టి సుద్దముక్కతో గీసినట్టు ఉంటే, అది హిస్పా పెద్ద పురుగు గీకుడు. పై పొరలో పచ్చదనం గోకి తినేసి కింది పొరని అలాగే వదిలేస్తుంది. గోటితో మెల్లగా రాస్తే పై వైపు గరుకుగా, కింది వైపు నున్నగా తగులుతుంది.

ఆకులో, ఎక్కువగా కొన వైపు, పొక్కులా ఉబ్బిన తెల్లటి మచ్చ ఉంటే అది హిస్పా పిల్ల ఇల్లు. తల్లి గుడ్డుని ఆకు కణజాలంలోకే దూర్చి పెడుతుంది. పిల్ల రెండు పొరల మధ్యే పుట్టి, మధ్యలో పచ్చదనం తింటూ అక్కడే పెరిగి, అక్కడే ప్యూపా అవుతుంది. వెలుతురుకి ఎత్తితే పొక్కు లోపల పసుపు తెలుపు రంగులో పలచటి చిన్న పురుగు నీడ కనిపిస్తుంది, దాని వెనక చిన్న నల్లటి రెట్ట నలుసులు. పొక్కుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే పై పొరా కింది పొరా విడిగా జారినట్టు తెలుస్తుంది. ఆకుముడతలో ఇలాంటి పొక్కు రానే రాదు.

ఆకు నిలువునా మడిచి ఉంటే, మడత అంచుల దగ్గర ఆగండి. తెల్లటి సన్న దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకి వరసగా అల్లి ఉంటాయి. అవే ఆకుముడత కుట్లు. మడతని మెల్లగా విప్పితే లోపలి వైపు వెడల్పుగా తెల్లటి చారలు, రెట్ట గింజలు, అదృష్టం ఉంటే లేత ఆకుపచ్చ పురుగు. దాన్ని బ్రష్‌తో తాకండి. విలవిల్లాడుతూ చురుగ్గా వెనక్కి జారి కింద పడిపోతుంది. కింద డబ్బా పెట్టుకుని విప్పమనేది అందుకే.

విప్పితే పురుగు లేదా? కంగారు పడక్కర్లేదు, ఒకే పిల్ల ఒక ఆకు తిని వదిలేసి ఇంకోటి ముడుస్తుంది. రెట్ట పచ్చగా తడిగా ఉంటే అది దగ్గర్లోనే ఉంది, పక్క ఆకులు చూడండి. ఎండి గోధుమ రంగులో ఉంటే కథ ఎప్పుడో అయిపోయింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొన నుంచి, అంచుల వెంట అలలు అలలుగా పసుపు పచ్చబడి ఎండుతూ వచ్చే ఆకు పురుగుది కాదు, బాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు. గీకినట్టు ఉండదు, పొర పలచబడదు. అనుమానం ఉంటే అలాంటి ఆకుని కొత్తగా ఎండుతున్న చోట కత్తిరించి, కోసిన అంచుని గ్లాసులో తేటనీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి జిగురు సన్నటి పోగులా దిగితే అది బాక్టీరియా. అప్పుడు ఈ పురుగుల గొడవంతా పక్కన పెట్టేయండి.

3. పెంకు పురుగుని పట్టండి

పొడవు 5 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. నలుపులో నీలం మెరుపు. ఆకు పై భాగంలో గీకిన చోటే కూర్చుని ఉంటుంది. డబ్బాని ఆకు కింద పెట్టి, ఆకుని రెండు వేళ్లతో తట్టండి. పొద్దున పూట చాలావరకు డబ్బాలోకి రాలిపోతుంది. ఎండెక్కాక అయితే ఎగిరిపోతుంది, అప్పుడు వల వాడాలి.

డబ్బాలో పడ్డాక భూతద్దంతో వీపు చూడండి. ఒళ్లంతా ముళ్లుంటాయి, మెడ దగ్గరా ఉంటాయి, వీపు మీదా ఉంటాయి. ముళ్లు లేకుండా నున్నగా నీలంగా మెరిసే పెంకు పురుగు దొరికితే అది హిస్పా కాదు. ఎర్రగానో నారింజ రంగులోనో గుండ్రంగా ఉంటే అది అక్షింతల పురుగు, పేనుబంకని తినే మన మిత్రుడు, దాన్ని దణ్ణం పెట్టి వదిలేయండి. ఫొటోల్లో హిస్పా అని వచ్చేవాటిలో అక్షింతల పురుగులే తక్కువేం ఉండవు.

4. రెక్కల పురుగుని పట్టండి

గట్టు మీద నడుస్తూ కర్రతో గడ్డిని కదపండి. ఎండుగడ్డి రంగులో చిన్న రెక్కల పురుగులు లేచి, రెండు మూడు గజాలు అటూ ఇటూ ఊగుతూ ఎగిరి, మళ్లీ ఆకు కింద నక్కుతాయి. ఎక్కడ వాలిందో కళ్లతో పట్టుకుని, ఆ మొక్క మీదకి పైనుంచి డబ్బా బోర్లించి, కింద నుంచి మూత జరపండి. వలతో పట్టేదైతే ఒక్క ఊపులో పట్టి, రింగు తిప్పి నోరు మూసేయండి. లోపల అది కొట్టుకునే కొద్దీ పొడి రాలిపోతుంది.

ఇంకో దారి, రాత్రి దీపం. ఇంటి బయట తెల్ల గుడ్డ కట్టి ముందు బల్బు వెలిగిస్తే ఆకుముడత తల్లి పురుగులు వస్తాయి. కాకపోతే వాటితో పాటు ఊళ్లో పురుగులన్నీ వస్తాయి, అందులోంచి వెతుక్కోవడం మీ ఓపిక. సబ్బు నీళ్ల పళ్లెం పెట్టే పద్ధతి లెక్క కోసం సరే, పోల్చి చూడటానికి పనికిరాదు, తడిసిన రెక్కలు ముద్దయిపోతాయి. లైట్‌లో ఒక్కటీ పడలేదు కాబట్టి చేలో హిస్పా లేదనీ అనుకోకండి, దాన్ని పగలు ఆకు మీదే వెతకాలి.

పట్టిన డబ్బాని ఫ్రిజ్ కింది అరలో పది నిమిషాలు పెడితే పురుగు చల్లబడి కదలకుండా కూర్చుంటుంది, చావదు. ఫొటోలూ కొలతలూ అప్పుడే తీసుకోండి. బయట పెట్టిన కాసేపటికి లేచి తిరుగుతుంది. ఇంట్లో వాళ్లకి చెప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టకండి, తర్వాత గొడవ నా మీదకి రానివ్వకండి.

5. తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి

చల్లబడ్డ రెండింటినీ స్కేలు పక్కన పెట్టండి. ఈ వరసలోనే చూస్తే ఏదీ మర్చిపోరు.

మొదట రెక్కలు. హిస్పా వీపు మీద కనిపించేది అసలు రెక్క కాదు, గట్టి పెంకు. రెండు పెంకులు మధ్యలో నిలువు గీతలా కలుస్తాయి. చనిపోయిన పురుగు దొరికితే సూది మొనతో ఒక పెంకుని పక్కకి ఎత్తి చూడండి, కింద పలచటి రెక్క మడిచి దాచిపెట్టుకుని ఉంటుంది, ఎగిరేది దానితోనే. ఆకుముడతకి నాలుగు రెక్కలూ మెత్తనివే. వాలినప్పుడు రెక్కలు వీపు మీద నిలబెట్టదు, పక్కలకి పరిచి ముక్కోణంలా కూర్చుంటుంది. ముందు రెక్క లేత పసుపు గోధుమ రంగు, దాని మీద ముదురు రంగులో రెండు నిండు గీతలు, వాటి మధ్య ఒక పొట్టి గీత, అంచు వెంబడి ముదురు పట్టీ. ఆ పొట్టి గీత కనబడిందా, గుర్తు దాదాపు ఖాయం.

తర్వాత వేలికి అంటేది. రెక్కని వేలితో తాకితే వేలికి సన్నటి మెరుపు పొడి అంటుతుంది, అది రెక్కని కప్పిన పొలుసులు. హిస్పాని తాకితే ఏమీ అంటదు, గరుకుగా తగులుతుంది. ఈ పరీక్ష చివర్లో చేయండి, ముందే చేస్తే చూడటానికి గీతలు మిగలవు.

మీసాలు చూడండి. హిస్పావి పొట్టివి, చివరకి వచ్చేసరికి కాస్త లావవుతాయి. ఆకుముడతవి పొడవు, చివరిదాకా సన్నగా దారంలా ఉంటాయి. చివర గుండు ఉందంటే మీరు పట్టింది సీతాకోకచిలుక.

నోరు చూడటానికి ఓపిక కావాలి. హిస్పాని ఆకు ముక్క వేసి డబ్బాలో పెట్టండి, రాత్రి గడిచేసరికి కొత్త గీతలు వస్తాయి. రెక్కల పురుగుని అలాగే ఆకు ముక్కతో పెట్టండి, తెల్లారినా ఆకు చెక్కుచెదరదు. నన్నడిగితే భూతద్దంతో నోటి భాగాలు వెతికే కంటే ఈ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపించడమే మంచి పాఠం. తల్లి రెక్కల పురుగు ఆకు తినేస్తోందని గట్టిగా వాదించే పెద్దవాళ్లకి కూడా.

6. పిల్లల్ని పెంచి చూడండి

పెద్దవి చేతికి దొరకనప్పుడు ఇదే దారి, దొరికినా చేయదగ్గ పని.

ఆకుముడత పిల్లని డబ్బాలో వేసి, కోసిన ఊద ఆకో వరి ఆకో కొసకి తడి దూది చుట్టి పెట్టండి. రోజూ కొత్త ఆకు వేయండి. మామూలుగా మర్నాటికల్లా కొత్త ఆకుని దారాలతో కుట్టేసుకుని లోపల కూర్చుంటుంది. డబ్బా మూతకి పలచటి గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ మూత గట్టిగా పెడితే లోపల చెమ్మ పట్టి, రెట్ట బూజు పట్టి, పురుగు చస్తుంది. ఎక్కువ మంది పెంపకం ఇలాగే చెడిపోతుంది.

హిస్పా పిల్లకి ఆకు మార్చడం కుదరదు, అది ఆకు లోపల ఉంది కదా. కోసిన ఆకు ఎండితే దానికి తిండి పోతుంది. అందుకని పొక్కులున్న పిలకని వేళ్లతో సహా పీకి, బురద నింపిన పెరుగు డబ్బాలో నాటి, పైన దోమతెర తొడుగు వేయండి. నీళ్లు ఆరనివ్వకండి. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మన వాతావరణంలో రెండింటికీ నెల లోపో, నెలకి అటూ ఇటూనో పడుతుంది. మీరు తెచ్చినవి అప్పటికే సగం పెరిగి ఉంటాయి కాబట్టి అంత ఆగక్కర్లేదు.

పురుగు బదులు డబ్బాలో సన్నటి కందిరీగలు తేలితే నిరాశ పడకండి, అది శుభవార్త. మీ చేలో పురుగు కడుపులో గుడ్లు పెట్టే పరాన్నజీవి పని చేస్తోందన్నమాట. మందు కొడితే ముందు పోయేది అదే.

7. చేలో లెక్క పెట్టండి

గట్టు పక్క వరస చూసి చేనంతా అలాగే ఉందనుకోవద్దు, గడ్డిలోంచి వచ్చే పురుగు మొదట వాలేది అక్కడే. గట్టు నుంచి నాలుగైదడుగులు లోపలికి వెళ్లి, ఐమూలగా నడుస్తూ ఇరవై కుదుళ్లు చూడండి. ఒక్కో కుదురుకీ రెండు అంకెలు రాయండి: దెబ్బతిన్న ఆకులు ఎన్ని, వాటిలో బతికున్న పురుగు ఎన్నింటిలో ఉంది. రెండో అంకె లేకుండా మొదటిది ఎందుకూ పనికిరాదు. సాధారణంగా కుదురుకి ఒకటి రెండు తాజా ఆకులు దాటితే ఆలోచించమంటారు. మీ రకానికి, మీ సీజనుకి సరిపోయే సూచన కోసం రైతు సేవా కేంద్రంలో అడగండి, మార్టేరు వరి పరిశోధన కేంద్రం సూచనలు అక్కడికి చేరుతుంటాయి.

దశ కూడా పక్కన రాసుకోవాలి. హిస్పా బెడద నారుమడి నుంచి పిలకలు తొడిగే దాకా. పిలకల దశలో ఆకుముడత నాలుగు ఆకులు ముడిచినా పైరు మళ్లీ ఆకు వేసుకుని తేరుకుంటుంది. చిరుపొట్ట (కంకి లోపల రూపుకట్టే దశ) దాటాక పోటాకు (కంకి కిందుండే చివరి ఆకు) ముడిస్తే మాత్రం గింజ మీద దెబ్బ పడుతుంది, అక్కడ అశ్రద్ధ వద్దు.

లెక్క తేలాక ఏం చేయొచ్చు

ఆకుముడత అని తేలితే తొలి దశలో చేనుకి అడ్డంగా తాడు లాగడం పాత పద్ధతే కానీ పని చేస్తుంది. ఇద్దరు చెరో గట్టు మీద పట్టుకుని పైరు కొసల మీదుగా లాగితే ముడతలు కదిలి పురుగులు నీళ్లలో పడతాయి. పొట్ట దశలో లాగకండి. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా దఫాలుగా వేయండి. ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లని నాశనం చేసే చిన్న కందిరీగలుండే అట్టలు) కట్టేదైతే తల్లి పురుగులు లేచే రోజుల్లోనే కట్టాలి, అవి గుడ్ల మీద పని చేసేవి కాబట్టి పిల్లలు ముడుచుకున్నాక కట్టి లాభం లేదు.

హిస్పా అని తేలితే తాడు లాగి లాభం లేదు, పిల్ల పొరల్లో ఉంది. నారు పీకేటప్పుడు ఆకు కొసలు తుంచి నాటడం దీనికి చెప్పే ఉపాయం, గుడ్లు కొసల్లోనే ఎక్కువ ఉంటాయి కాబట్టి. కానీ మీ వైపు బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చే చేలయితే కొసలు తుంచొద్దు, తుంచిన గాయంలోంచే ఆ తెగులు దూరుతుంది. రెండు సలహాలూ పుస్తకాల్లో విడివిడి పేజీల్లో ఉంటాయి, ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఎవరూ చెప్పరు. తుంచిన కొసలు గట్టు మీద పడేయకుండా పూడ్చేయండి.

మందు దాకా వస్తే రకం, మోతాదు వ్యవసాయ సహాయకుల్ని అడిగి వాడండి, నేను ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం చెప్తా. ఊడ్చిన నెలలోపు తెల్లచార చూసి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టారంటే సాలీళ్లు, మిరిడ్ నల్లుల్లాంటి మిత్రులు పోయి, తర్వాత దోమపోటు (వరి రసం పీల్చే దోమ బెడద) తలకెత్తుకున్నట్టే. గుండ్రంగా తగలబడినట్టు ఎండిపోయిన చేను చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

గట్లు దమ్ముకి ముందు చెక్కుకోండి, కాల్చకండి. మందు పడ్డ గట్టు గడ్డి గేదెలకి కోసి వేయకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రెక్క మీద ఒక్క నల్ల చుక్క ఉన్న పసుప్పచ్చ రెక్కల పురుగుని ఆకుముడత అనుకోవడం. అది కాండం తొలిచే పురుగు ఆడది, తోక దగ్గర కుచ్చులా వెంట్రుకలుంటాయి. దాని పని మొవ్వు (నడిమి లేత ఆకు) చావడం, తెల్ల కంకి. ఆకు చారలకీ దానికీ సంబంధం లేదు. అలాగే కాండం తొలిచే పురుగు కోసం పెట్టిన లింగాకర్షక బుట్టలో ఏమీ పడలేదు కాబట్టి ఆకుముడత లేదని తేల్చేయడం. ఆ ఎర వేరు, ఈ పురుగు వేరు.

నీళ్ల మీద తేలే చిన్న ఆకు గొట్టాల్ని ముడత అనుకోవడం ఇంకోటి. అది గొట్టాల పురుగు, ఆకు కొసలు కత్తిరించి గొట్టం చుట్టుకుంటుంది. దాని తల్లి తెల్లగా ఉంటుంది. నారుమడిలో సూదిలా చుట్టుకున్న కొసలైతే తామర పురుగు సంగతి చూడండి.

రెండూ ఒకే చేలో ఉండొచ్చని మర్చిపోవడం కూడా మామూలే. ఒక పొక్కు కనిపించగానే హిస్పా అని రాసేసి, పక్కన మడతలు చూడరు. పది ఆకులు కోయమన్నది అందుకే.

మీరు తేల్చింది సరైనదేనా?

కింది మూడింటిలో రెండైనా ఒకే పురుగు వైపు చూపాలి: ఆకు మీది గుర్తు, పట్టిన పెద్ద పురుగు, పెంచిన డబ్బాలోంచి వచ్చింది. ఆకు మడత అంటోంది, డబ్బాలోంచి పసుపు రెక్కల మీద పొట్టి గీతతో తల్లి వచ్చింది, ఇక అనుమానం లేదు. గీతలు హిస్పావే కానీ ముళ్ల పురుగు ఒక్కటీ దొరకలేదంటే అవి పాత గాయాలు కావచ్చు. కొత్తగా విచ్చిన ఆకు చూడండి, అది శుభ్రంగా ఉంటే పురుగు వెళ్లిపోయింది, డబ్బు మిగిలింది.

ఇంకా తేలకపోతే ఫొటో పంపండి, కానీ ఈసారి నాలుగు పంపండి: వెలుతురుకి ఎత్తిన ఆకు, విప్పిన మడత లోపలి వైపు, స్కేలు పక్కన పురుగు వీపు, చేను మొత్తం. ఏ రకం, ఊడ్చి ఎన్నాళ్లయింది, ఎంత యూరియా పడింది రాయండి.

వరి చేను అందుబాటులో లేని పిల్లలు ఇదే వరసలో వేరే జంటని తీసుకోవచ్చు. గట్టు గడ్డి మీద అక్షింతల పురుగు ఎక్కడైనా దొరుకుతుంది. రెక్కల పురుగు కోసం సార్వా కోతల తర్వాత చల్లిన జనుము చేను చూడండి, తెల్లటి రెక్కల మీద ఎర్ర చుక్కలు నల్ల చుక్కలతో పట్టపగలే ఎగిరేది ఒకటుంటుంది. దాని పిల్ల జనుమునే తింటుంది కాబట్టి పెంచేటప్పుడు వరి ఆకు వేయకండి, ఆకలితో చస్తుంది.